‘మత్తు పడదు’ అన్న మాట కాగితం మీదకు రావాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. విజయవాడ వన్‌టౌన్‌లో కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం మాది. నిరుడు వేసవిలో మా చెల్లెలికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ముప్పావుగంటలో అయిపోయిందన్నారు. కానీ ఊపిరి మాత్రం తనంతట తాను తీసుకోలేకపోయింది. ఐదు గంటలు వెంటిలేటరు మీద ఉంది. తలుపు బయట నిలబడిన మా అమ్మ వాసవీమాతను తలుచుకుంటూ అలాగే ఉండిపోయింది.

మర్నాడు చెల్లెలు చెప్పిన మాటలే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. “అన్నయ్యా, మధ్యలో నాకు మెలకువ వచ్చింది. ఇంకా లేవలేదేమిటి అని ఎవరో అంటున్నారు. లేచే ఉన్నానని చెప్పడానికి చిటికెనవేలు కదపబోయాను. కదల్లేదు. రెప్ప ఎత్తబోయాను. లేవలేదు. గొంతులో గొట్టం మాత్రం తెలుస్తూనే ఉంది” అంది. ఇప్పటికీ గదిలో దీపం ఆర్పితే తనకు నిద్ర పట్టదు.

ఆ మత్తు డాక్టరు మీద మాకు కోపం లేదు. ఆ ఐదు గంటలూ పక్కనుంచి కదలలేదు, తర్వాత ఏదీ దాచలేదు. గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే మందు ఇస్తారట. దాని పేరు సక్సినైల్‌కోలిన్, ఆసుపత్రుల్లో స్కోలిన్ అంటారు. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో దాని ప్రభావం దిగిపోతుంది. దాన్ని రక్తంలో విరగ్గొట్టేది సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. అది మా చెల్లెలికి దాదాపు లేదు. నిద్రపుచ్చే మందు వేరు, కండరాలను సడలించే మందు వేరు కాబట్టి, మొదటిది దిగిపోయి రెండోది మిగిలితే మనిషి మెలకువలోనే బిగుసుకుపోయినట్టు పడి ఉంటాడు. అలాంటప్పుడు ఊపిరి అందిస్తూ, నిద్రమందు ఆపకుండా ఇస్తే చాలు, గంటల్లో మందు దానంతట అదే తగ్గుతుంది. ఇదంతా వివరించాక ఆయన “మీరు ఆర్యవైశ్యులా?” అని అడిగారు. ఆ ప్రశ్న ఆపరేషన్‌కు ముందు రావలసింది.

ఎందుకంటే ఇది కొత్త సంగతి కాదు. ఈ ఎంజైమ్ పూర్తిగా లోపించడం యూరప్ ప్రజల్లో సుమారు లక్ష మందిలో ఒకరికి కనిపిస్తుంది. ఆంధ్ర వైశ్యుల్లో అది ఎంతో ఎక్కువగా ఉందని 1979లోనే పరిశోధకులు ప్రచురించారు. కారణమైన జన్యుమార్పును 2006లో గుర్తించారు. ఎంజైమ్ నిర్మాణంలో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట ప్రోలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. తరతరాలుగా మాలో మాకే పెళ్లిళ్లు, మేనరికాలు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారికే ఈ ఇబ్బంది. వారి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇది జబ్బు కాదు. ఈ మందు, ఇలాంటి మరో ఒకటి రెండు మందులు ఒంట్లోకి వెళ్లనంతవరకు మనిషికి ఏ లోటూ ఉండదు. సంబంధాలు చూసేటప్పుడు దీన్ని అడ్డు పెట్టుకునేవాళ్లు పిల్లలకు అన్యాయం చేసినట్టే.

మా ఇంట్లోనూ ఒక మాట ఉండేది. తాతయ్యకు మత్తు పడదు, పిన్నికి మత్తు పడదు అని. ఏ మత్తు, ఏ మందు, ఎందుకు పడదు? ఎవరూ అడగలేదు, ఏ ఆసుపత్రీ రాసి ఇవ్వలేదు. రెండు తరాల అనుభవం వంటింటి కబురుగానే మిగిలిపోయింది.

తోబుట్టువును కాబట్టి నేనూ పరీక్ష చేయించుకుందామని గుంటూరులో ఒక ల్యాబుకు వెళ్లాను. చీటీ చూసి అక్కడి అబ్బాయి గొంతు తగ్గించి, “ఎవరు మందు తాగారండీ?” అన్నాడు. పురుగుమందు విషం ఎక్కినవారికి చేసే కోలినెస్టరేజ్ పరీక్షే ఇది. మిరప, పత్తి పండే జిల్లా కనుక అతనికి రోజూ అవే చీటీలు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఇదే ఎంజైమ్‌ను అణచివేస్తాయి. అంటే ఆ విషంతో వచ్చిన రోగికి స్కోలిన్ ఇస్తే, ఏ కులంవాడైనా, మా చెల్లెలిలాగే చాలాసేపు ఊపిరి లేకుండా పడి ఉండే ప్రమాదం ఉంది. నా ఫలితం కూడా చెల్లెలి ఫలితంలాగే వచ్చింది.

మందును నిషేధించమని అడగడం లేదు మంత్రిగారూ. నిమిషంలోపే పనిచేసే మందు అది. అత్యవసరంగా కాన్పు ఆపరేషన్ చేసేటప్పుడు తల్లి ప్రాణం ఆ నిమిషం మీదే ఆధారపడవచ్చు. పడనివారికి రోకురోనియం వంటి ప్రత్యామ్నాయం ఉంది. రోకురోనియం ప్రభావాన్ని వెంటనే విరిచే సుగామాడెక్స్ అనే మందు ఖరీదైనది, అయినా పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనైనా నిల్వ ఉండాలి. కండరాలు తేరుకున్నాయో లేదో మణికట్టు దగ్గర నరాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకి, బొటనవేలి కదలికను బట్టి చెప్పే చిన్న పరికరం కూడా ఉంది. అది ప్రతి ఆపరేషన్ గదిలో ఉండేలా చూడండి.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద పనిచేసే ప్రతి ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు ముందు నింపే ఫారంలో ఒక వరుస చేర్చమని కోరుతున్నాను: “మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా, మత్తు పడదని చెప్పారా?” అవునన్నవారికి ఈ రక్తపరీక్ష ఉచితంగా చేయండి. లోపం బయటపడితే ఆ మందు పేరుతో సహా కార్డు ఇవ్వాలి, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిలిచి చెప్పాలి.

మా చెల్లెలి డిశ్చార్జి కాగితంలో “ఇబ్బంది లేకుండా కోలుకున్నారు” అని ఉంది. మేము మళ్లీ వెళ్లి అడిగితే ఆ డాక్టరు తెల్లకాగితం మీద “స్కోలిన్ ఇవ్వరాదు” అని తన చేత్తో రాసి సంతకం చేశారు. దానికి ల్యామినేషన్ చేయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. మా పిన్ని దగ్గర ఆ కాగితం లేదు. వచ్చే నెల ఆమెకు పిత్తాశయం ఆపరేషన్ ఉంది.

ఇట్లు,
వన్‌టౌన్, విజయవాడ నుంచి ఒక అన్న