నోబెల్ కథలో మార్తా పేరేదీ?

సంపాదకులు గారికి, నమస్కారం.

ఏటా అక్టోబరులో నోబెల్ బహుమతులు ప్రకటించగానే మన పత్రికలన్నీ ఒకే కథ వేస్తాయి. 1888లో అన్న చనిపోతే ఓ ఫ్రెంచి పత్రిక పొరబడి డైనమైట్ కనిపెట్టిన తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పోయాడని రాసిందనీ, అది చదివి ఆయన మనసు మారి ఈ బహుమతులు పెట్టాడనీ. చరిత్రకారులు కొందరు దీనికి గట్టి ఆధారం లేదంటారు. అది అలా ఉంచండి. ఆ చనిపోయిన అన్న లుడ్విగ్ ఎవరో ఎవరూ రాయరు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యంత్రాల ఫ్యాక్టరీ, బాకూలో చమురు బావులు ఉన్న మనిషి. ఆయన పోయేనాటికి ఇంట్లో ఆరేళ్ళ కూతురు ఉంది. పేరు మార్తా. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ అమ్మాయి కోసమే.

కాలుమీద కాలేసుకుని బతకగల ఇంట్లో పుట్టిన మార్తా డాక్టరు చదువు చదివారు. అప్పట్లో రష్యా యూనివర్సిటీలు ఆడపిల్లల్ని చేర్చుకునేవి కావు. 1897లో పీటర్స్‌బర్గ్‌లో మహిళల కోసం వైద్య విద్యాలయం తెరిచాకే ఆ దారి మళ్ళీ తెరుచుకుంది. 1914లో యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుల చదువుకీ వినోదానికీ నోబెల్ కుటుంబం కట్టించిన ప్రజాభవనం గాయపడిన సైనికులకు ఆస్పత్రి అయింది. డబ్బు కుటుంబానిది. బాధ్యత డాక్టర్ మార్తా నోబెల్-ఒలెయినికోవ్‌ది.

ఆ పనేమిటో నాకు తెలుసు. నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎండిన గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోతుంది. లాగితే రోగి ప్రాణం విలవిల్లాడుతుంది. సెలైన్‌తో తడిపి, నానే దాకా ఆగి, కొసనుంచి కొంచెం కొంచెంగా ఊడదియ్యాలి. ఈలోగా పక్క మంచం మీద వాడు తన వంతు తలుచుకుని కళ్ళు మూసుకుంటాడు. అలాంటి మంచాల వరసకు జవాబుదారీగా నిలబడడం వేరు, చెక్కు రాసివ్వడం వేరు. ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించిన దాతల్ని నేను చిన్నచూపు చూడను. ఎండాకాలం ఆ గాలి కిందే పనిచేశాం. కానీ మార్తా ఇచ్చింది అంతకంటే ఎక్కువ.

విప్లవం తర్వాత రష్యాలోని కుటుంబ ఆస్తులన్నీ బోల్షెవిక్ ప్రభుత్వపరమయ్యాయి. స్వీడన్ చేరిన మార్తా అక్కడే ఉండిపోయారు. 1952లో తండ్రి గురించీ ఆయన కట్టిన పరిశ్రమ గురించీ స్వీడిష్‌లో పెద్ద పుస్తకం వెలువరించారు. 1973 దాకా జీవించారు. అంటే నా చిన్నతనంలో ఆమె ఇంకా బతికే ఉన్నారు! మా నర్సింగ్ స్కూల్లో గానీ, ఏ తెలుగు పత్రికలో గానీ ఆ పేరు నాకు కనపడలేదు.

డిసెంబరు 10 ఆల్‌ఫ్రెడ్ వర్ధంతి, బహుమతులిచ్చే రోజు. ఈసారి మీ మహిళా పేజీలో మార్తాకు ఒక అర కాలమ్ ఇవ్వండి, దొరికితే ఫొటో కూడా వేయండి. దాన్ని కత్తిరించి మా వీధి హైస్కూలు నోటీసు బోర్డుకు అంటించడానికి హెడ్‌మాస్టరు గారి అనుమతి ముందే తీసుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి