ప్యానెల్ మీద ఒక నంబరు, డ్రాయింగులో ఇంకో నంబరు: రిలే ప్యానెల్ కంపెనీకి ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

రేణిగుంట దగ్గర మా ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్‌కి మీరిచ్చిన 33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ రిలే ప్యానెల్ గురించి ఈ ఫిర్యాదు. రిలే బాగానే ఉంది, గొడవంతా ఏ రక్షణ పనిచేసి ట్రిప్పయిందో చెప్పడానికి మీవాళ్ళు దాని మీద వేసిన నంబర్లతోనే.

పోయిన వారం నైట్ షిఫ్టులో ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్పయింది. వెలిగిన ఎల్‌ఈడీ పక్కన మీ స్టిక్కర్ 87టీ అంటోంది. అంటే డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు వైపులా కరెంటు కొలిచే సీటీల మధ్యలోనే ఫాల్ట్. స్క్రీన్ చూద్దామంటే అక్కడ మీవాళ్ళు పెట్టిన పేరు ‘ట్రిప్ 3’, దాంతో ఏం అర్థమవుతుంది? 87టీ పడ్డాక టెస్టులు చెయ్యకుండా మళ్ళీ చార్జ్ చేసే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి. మెగ్గర్ పట్టి ఇన్సులేషన్ కొలిచాం, లోపలి ఫాల్ట్‌ని గ్యాస్‌తో పసిగట్టే బుకోల్జ్ రిలేలో గ్యాస్ చేరిందేమో చూశాం, ఆయిల్ శాంపిల్ తీశాం, తెల్లారేదాకా ప్రొడక్షన్ మొత్తం ఆగిపోయింది. పొద్దున ల్యాప్‌టాప్ పెట్టి ఈవెంట్ రికార్డు దించితే అందులో ఉన్నది 51, ఉత్త ఓవర్‌కరెంట్, అంటే ఫాల్ట్ ట్రాన్స్‌ఫార్మర్ బయట కూడా ఉండొచ్చు! 11 కేవీ స్విచ్‌గేర్ వెనక కవరు విప్పితే బస్‌బార్ల మధ్య మాడిపోయిన ఎలుక. స్టిక్కర్ మీద 51 అని ఉండుంటే మొదట విప్పేది ఆ కవరే.

ఆ తర్వాత డ్రాయింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. వైండింగ్‌లో ఎర్త్ ఫాల్ట్‌ని పట్టే రిస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ రక్షణ సింగిల్ లైన్ డ్రాయింగులో 64ఆర్, స్కీమ్ డ్రాయింగులో 87ఎన్. రీసెట్ చేసేదాకా మళ్ళీ చార్జ్ కానివ్వని లాకౌట్ రిలేలు రెండుంటే డ్రాయింగులో 86ఏ, 86బీ, ప్యానెల్ మీద మాత్రం రెండింటికీ ఉత్త 86. ఏది రీసెట్ చెయ్యాలో ఆపరేటర్ సోది అడగాలా?

ఫోన్ చేస్తే మీ హెల్ప్‌డెస్క్ అబ్బాయి ‘నంబర్లు ఎవరిష్టం వాళ్ళది సార్’ అన్నాడు. కాదు బాబూ. ఈ నంబర్లకున్న స్టాండర్డ్ ఐఈఈఈ సీ37.2 ప్రకారం 87 అంటే డిఫరెన్షియల్, 51 అంటే టైమ్ ఓవర్‌కరెంట్, 86 అంటే లాకౌట్, 63 అంటే ప్రెజర్ స్విచ్, బుకోల్జ్‌కి వేసేదీ అదే. వెనక వచ్చే అక్షరాల్లో కొంత వెసులుబాటుంది, అందుకే వాటి అర్థం డ్రాయింగులో ఒక మూల పట్టికగా రాయాలి. మీ డ్రాయింగుల్లో ఆ పట్టికే లేదు. పైగా సబ్‌స్టేషన్ కమ్యూనికేషన్ స్టాండర్డ్ పేరు చెప్పి ‘61850లో అయితే పీడీఐఎఫ్ అంటాం సార్’ అని ఇంకో ముక్క. డిఫరెన్షియల్‌కి వాడే ఆ పీడీఐఎఫ్ పేరు కిందికి 87టీ వస్తుంది, 87ఎన్ కూడా వస్తుంది, ఇక దాన్ని చూసి ఏది పడిందో ఎలా చెప్తాం?

మీ ఇంజనీరు చెన్నై నుంచి పుత్తూరు మీదుగా వస్తే సగం పూట ప్రయాణం, అంతే. సరిచేసిన డ్రాయింగులు, కొత్త లేబుళ్ళు, మార్చిన కాన్ఫిగరేషన్ ఫైలు మీ ఖర్చుతోనే తేవాలి. రిలేలోకి టెస్ట్ కరెంటు పంపే సెకండరీ ఇంజెక్షన్ కిట్‌తో ఒక్కో ఫంక్షన్ ఆపరేట్ చేసి, ఏ ఎల్‌ఈడీ వెలుగుతోందో మా షిఫ్టు ఆపరేటర్ల ముందు చూపించాలి. అది అయ్యేదాకా బిల్లులో ఆపిన 10 శాతం వదలొద్దని అకౌంట్స్‌కి రాసిచ్చాను.

ఇట్లు,
ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్