సన్నగా సాగిన మనుషుల సినిమా పేరు తెలిసింది: అందరికీ కృతజ్ఞతలు

చిన్నప్పుడెప్పుడో ఒకసారి చూసి, పేరు తెలియక, కథ సగమే గుర్తుండి, ఇన్నేళ్లుగా మనసులో మెదులుతూ ఉన్న ఒక సేద్యపు సినిమా గురించి నేను అడిగినప్పుడు ఓపికగా విని, తలా ఒక ఆధారం అందించిన పెద్దలకూ మిత్రులకూ ఈ నాలుగు మాటలు రాసుకుంటున్నాను. ఆ సినిమా పేరు ‘హడకా నో షిమా’. ‘ది నేకెడ్ ఐలండ్’ అన్న ఇంగ్లీషు పేరుతో బయటి దేశాలలో ప్రసిద్ధమైన ఆ జపాన్ చిత్రం 1960లో విడుదలైంది. దర్శకుడు కనెటో షిండో. పేరొక్కటి చెప్పి ఊరుకుంటే సాయపడిన వారి శ్రమ తెలియదు కనుక, ఎవరి మాట ఎక్కడ అక్కరకొచ్చిందో కూడా చెప్పడం నా బాధ్యత.

నేను ఇవ్వగలిగిన ఆనవాళ్లు బహు తక్కువ. 1970ల చివర, రాజోలు వైపున మా ఊరి హైస్కూలు ఆవరణలో, పట్నం నుంచి వచ్చిన ఒక ఫిల్మ్ సొసైటీ వారు చిన్న ప్రొజెక్టరు మీద వేసిన బొమ్మ అది. రంగుల్లేవు. ఒక మొగుడూ పెళ్లామూ పడవలో నీళ్లు తెచ్చుకుని, కావిడి భుజానికెత్తుకుని, నిట్రమైన గుట్ట ఎక్కి, నెర్రెలు తీసిన నేలలోని మొక్కలకు ముంతెడేసి పోస్తూ ఉంటారు. చుట్టూ సముద్రం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒకచోట ఆమె అడుగు తడబడి నీళ్లు ఒలికిపోతే, భర్త వచ్చి చెంప మీద కొడతాడు. ఆ ఘట్టంలో చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా ‘అయ్యో’ అన్నారు. ఇంకొక్కటి, తెర మీది మనుషులు తాటిచెట్లలా సన్నగా, పొడుగ్గా సాగి కనిపించారు. అందరినీ ఎక్కువ తికమక పెట్టిందీ, తుదకు దారి చూపిందీ ఆ ఒక్క ఆనవాలే.

మొదట వచ్చిన పేర్లు సహజంగానే మన సినిమాలవి. గూడవల్లి రామబ్రహ్మం గారి ‘రైతుబిడ్డ’ (1939), తాపీ చాణక్య గారి ‘రోజులు మారాయి’ (1955) చెప్పినవారి అభిమానానికి నమస్కారం. కాని ‘ఏరువాకా సాగారో’ పాట వినిపించే సినిమాను మాటలు లేని సినిమాగా గోదావరి జిల్లాల్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు. ‘దో బిఘా జమీన్’ అన్నవారు చాలామంది. బిమల్ రాయ్ 1953లో తీసిన ఆ చిత్రంలో రైతు తన చారెడు నేలను దక్కించుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. నేను వెతుకుతున్న సినిమాలో ఆ దంపతులు పొలం విడిచిపెట్టి పోయే ప్రసక్తే లేదు. మూగచిత్రాల కాలం నాటిదై ఉంటుందన్న ఊహ కూడా నిలవలేదు. తెడ్డు చప్పుడూ, మళ్లీ మళ్లీ వచ్చే ఒక బాణీ నా చెవిలో ఉన్నాయి.

మా పిన్నికి సినిమా అంతటిలోనూ గుర్తున్నది ఒక్క చేప. ఆ ఇంటి పిల్లలు పెద్ద చేపను పట్టారనీ, ‘అంత చేప దొరికితే పులుసు పెట్టుకోకుండా పట్నం తీసుకుపోయి అమ్ముకున్నారు, అదేం సంసారమో’ అనీ ఆమె ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. ఆ మాటను నేను మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు గాని, తరువాత సినిమా పేరు నిర్ధారణ కావడానికి అదే సాక్ష్యమైంది.

చిక్కుముడి విప్పినది, అమలాపురం ప్రాంతపు సినిమా హాళ్లలో జీవితమంతా ఆపరేటరుగా పనిచేసిన బాబాయిగారు. సన్నగా సాగిన మనుషుల సంగతి చెప్పగానే ఆయన నవ్వి, ‘ఆయ్, అది స్కోప్ ప్రింటండి. స్కోప్ లెన్సు లేక మామూలు లెన్సు మీదే లాగించేసుంటారు’ అన్నారు. వెడల్పాటి దృశ్యాన్ని రెండు పక్కల నుంచీ నొక్కి రీలు మీద ముద్రిస్తారనీ, ప్రొజెక్టరుకు తగిలించే ప్రత్యేకమైన లెన్సు దాన్ని తెర మీద తిరిగి విప్పుతుందనీ, ఆ లెన్సు లేకపోతే బొమ్మ నొక్కుడుపడే ఉండి మనుషులూ పడవలూ గుండ్రటి కుండలూ అన్నీ నిలువుగా సాగిపోతాయనీ ఆయన తన చేతిరుమాలును నలిపి, చాపి మరీ చూపించారు. సినిమాస్కోప్ పద్ధతిలో తీసిన మొదటి కథాచిత్రం ‘ది రోబ్’ 1953లో వచ్చింది. అంటే అంతకు ముందువన్నీ ఒక్క దెబ్బతో జాబితాలోంచి పోయాయి. ఏళ్ల తరబడి నా జ్ఞాపకంలోని లోపంగా అందరూ అనుకున్నది ఆ రాత్రి నిజంగా తెర మీద జరిగిన సంగతి అని తేల్చినందుకు ఆయనకు నేను ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

అక్కడి నుంచి పని సులువైంది. స్కోప్, తెలుపు నలుపు, సంభాషణలు లేవు, కావిడితో నీళ్లు, అమ్మిన చేప అని ఐదు ముక్కలూ కలిపి చెప్పేసరికి, సినిమా చదువు చదువుతున్న భీమవరం అమ్మాయి ఒకరు కూర్చున్న చోటనే పేరు చెప్పారు. డిస్కు కూడా ఆమే తెప్పించి ఇచ్చారు. తల్లీ, నీకు నిండు దీవెనలు.

సినిమాను మళ్లీ చూశాను. జపాన్ లోపలి సముద్రంలో, హిరోషిమా ప్రాంతపు మిహరా దగ్గరున్న సుకునే అనే బుల్లి దీవి మీద తీశారు. భార్యగా నొబుకో ఒటోవా, భర్తగా తైజి టొనొయామా నటించారు. తెల్లవారకముందే పక్క దీవి నుంచి నీళ్లు తేవడం, కావిడి బద్ద భుజం మీద వంగి ఊగడం, అడుగు తీసి అడుగు వేసే ముందు ఆమె ఒక్క క్షణం నిలదొక్కుకోవడం, పోసిన నీటిని మట్టి ఇట్టే పీల్చేసుకోవడం: దర్శకుడు వీటిని తొందరపడకుండా, విసుగు పుడుతుందేమోనన్న భయం లేకుండా చూపిస్తాడు. పండిన గింజలు భూస్వామి ఇంటికి మోయాలి. వేసవిలో పెద్ద కొడుక్కి జబ్బు చేస్తుంది. తండ్రి పడవ వేసుకుపోయి డాక్టరును తీసుకొచ్చేసరికి పిల్లవాడు పోతాడు. అంత్యక్రియల తరువాత, మొక్కలకు నీళ్లు పోస్తూ పోస్తూ ఆ తల్లి ఉన్నట్టుండి బకెట్టు విసిరికొట్టి, మొక్కలు పెరికి పారేసి, నేల మీద పడి ఏడుస్తుంది. భర్త చూస్తూ నిలబడతాడే తప్ప ఏమీ అనడు. ఆమె లేచి మళ్లీ నీళ్లు పోస్తుంది. హికారు హయాషి కట్టిన బాణీ మంచిదే గాని, అది అన్నిసార్లు వినిపించనవసరం లేదని నా అభిప్రాయం; తెడ్డు చప్పుడే చాలు.

కావిడి మోయడం మా శివారు ఊళ్లకు కొత్త కాదు. డెల్టా అంటే నీటికి కరువులేని సీమ అని పైప్రాంతాల వారు అనుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు ఈ నేలను మార్చిన మాట నిజం కూడాను. అయితే కాలువ తలాపున ఉన్న చేనికీ, సముద్రపు ఒడ్డుకు చేరువలోని ఆఖరి చేనికీ ఒకే నీరు ఒకే వేళకు అందదు. ఎండాకాలం కాలువలు కట్టేశాక మాకు మంచినీళ్ల చెరువే దిక్కు. మా పక్క నుయ్యి తవ్వితే ఉప్పునీరే. ఆ చెరువు నుంచి డబ్బాల కావిడి మోసిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఆ రాత్రి తెర ముందు ఉన్నారు. వాళ్లు ‘అయ్యో’ అన్నది చెంపదెబ్బకని నేను చెబుతూ వస్తుంటే, మా పిన్ని సరిదిద్దింది: దెబ్బ పడకముందే, నీళ్లు ఒలికినప్పుడే అన్నారట. ఆ భర్త చెయ్యెత్తడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించను, పిన్ని అసలే సమర్థించదు. అయినా ఒలికిన ఆ బకెట్టు విలువ ఎంతో మా ఊరికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేకపోయింది.

షిండో 1912లో హిరోషిమాలో రైతు కుటుంబంలో పుట్టి, నిండు నూరేళ్లు బతికి 2012లో పోయారు. ఈ సినిమా తీసేనాటికి ఆయన స్వతంత్ర నిర్మాణ సంస్థ మూతపడే స్థితిలో ఉంది. 1961 మాస్కో చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ వచ్చి, పలు దేశాలవారు ప్రింట్లు కొన్నాక తేరుకుంది. అందువల్లనే కాబోలు ఒక ప్రింటు కోనసీమ దాకా కూడా వచ్చింది.

దాళ్వా నాట్లు ముగిశాక మా ఊరి గ్రంథాలయం మేడ మీద ఈ సినిమా వేయాలని సంకల్పించాం. తెర ఏర్పాటు బాబాయిగారు చూసుకుంటామన్నారు. పేరు తప్పు చెప్పినవారూ ఒప్పు చెప్పినవారూ అందరూ రావలసిందిగా మనవి. రాగలవారు ముందుగా కబురు చేస్తే చాపలూ భోజనాలూ చూసుకుంటాం. చంటిపిల్లలతో వచ్చే తల్లులు మాత్రం, సినిమాలో పిల్లవాడు పోయే ఘట్టం ఉన్నదని గుర్తుంచుకుని రండి.