ఐసీయూ నుంచి వచ్చినవారి మాటను కొట్టిపారేయకండి

సంపాదక మహాశయులకు,

వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉండి బతికి బయటపడ్డ మనిషి ఇంటికొచ్చాక ‘నన్ను పడవలో ఎక్కడికో తీసుకుపోయారు’ అనో, ‘కట్టేసి కిడ్నీ కోసుకోబోయారు’ అనో, ‘పైకప్పు నిండా పురుగులు పాకాయి’ అనో చెబితే వినేవాళ్లు తలోరకంగా తీసుకుంటారు. ఒకరు నవ్వేస్తారు, ఒకరు మతి చలించిందంటారు, మరొకరు దిష్టి తీయించి తాయెత్తు కట్టిస్తారు. దాంతో ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. రాత్రిళ్లు దీపం ఆర్పనివ్వడు, ఆసుపత్రి ఉన్న రోడ్డులోకి రానంటాడు. ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే నర్సులం, ఫిజియోథెరపిస్టులం కాబట్టి ఈ విషయంలో కుటుంబాలకు, ఆసుపత్రులకు కొన్ని మాటలు చెప్పాలనుకుంటున్నాం.

ఆ ‘కథల్లో’ చాలావాటికి వార్డులోనే మూలం దొరుకుతుంది. పడకపుండ్లు పడకుండా వేసే గాలిపరుపు కొద్ది నిమిషాలకోసారి ఒకవైపు ఉబ్బి మరోవైపు తగ్గుతుంది. మత్తులో ఉన్నవారికి అది పడవ. గొంతులో గొట్టాన్ని పీకేసుకోకుండా మణికట్లకు వేసిన గుడ్డ కట్లు ఎవరో ఎత్తుకుపోయి బంధించారన్న గుర్తుగా మిగులుతాయి. గొట్టంలో కఫం లాగే సక్షన్‌ను పది పదిహేను సెకన్లకు మించి ఉంచరు, కానీ ఆ కొద్దిసేపూ ఊపిరాడదు, అది నీళ్లలో ముంచినట్టో పీక నులిమినట్టో గుర్తుండిపోతుంది. డయాలసిస్ యంత్రానికి వెళ్లే రెండు ఎర్రటి పైపులు చూసి రక్తం తోడేస్తున్నారనుకుంటారు. కిడ్నీ ముఠాల వార్తలు పేపర్లో చదివినవారైతే ఆ భయం ఎటు మళ్లుతుందో ఊహించవచ్చు. మందులు ఎక్కించడానికి మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం (సెంట్రల్ లైన్) వేసేటప్పుడు ముఖం మీదుగా గుడ్డ కప్పుతారు. ముఖం మీద గుడ్డ కప్పడమంటే మన దగ్గర ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మూత్రం గొట్టం వేయడం, ఒళ్లు తుడవడం కూడా దౌర్జన్యంగా గుర్తుండవచ్చు. అలాంటి ఫిర్యాదు వస్తే ‘మందుల ప్రభావంలే’ అని తోసేయకూడదు. రాసుకోవాలి, విచారించాలి, ఏం చేశారో ఎందుకు చేశారో కేస్ షీటు చూపించి చెప్పాలి.

ధ్యాస చెదిరి, ఉన్నదీ లేనిదీ కలగాపులగమయ్యే ఈ స్థితిని డాక్టర్లు డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో పదిమందికి ఎనిమిదిమందిలో ఇది కనిపించిందని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ బృందం 2004లో తేల్చింది. కేకలు పెట్టేవారిని, పైపులు లాగేవారిని అందరూ గమనిస్తారు. ఏ గొడవా లేకుండా కళ్లు సగం మూసుకుని పడుకున్నవారిలో ఉండే డెలీరియమే ఎక్కువగా తప్పిపోతుంది. ‘హాయిగా నిద్రపోతున్నారు’ అని బంధువులకు చెప్పేది చాలాసార్లు వీరి గురించే.

కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. పది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతూ ‘ఏ’ విన్నప్పుడు మాత్రం చెయ్యి నొక్కమంటాం. రెండుకు మించి తప్పులొస్తే ధ్యాస నిలవడం లేదని అర్థం. తర్వాత అవును, కాదు అని తలూపే ప్రశ్నలు నాలుగు. వాటిలో మొదటిది: రాయి నీళ్లమీద తేలుతుందా? రామసేతువు కథ వింటూ పెరిగిన పెద్దావిడ ‘తేలుతుంది’ అని తలూపితే దాన్ని తప్పుగా లెక్కేయడానికి మనసొప్పదు. అదృష్టవశాత్తూ ఇదే పరీక్షలో రెండో ప్రశ్నల వరస ఉంది, అందులో రాయికి బదులు ఆకు ఉంటుంది. మన వార్డుల్లో అదే వాడటం మేలు.

జరిగింది గుర్తులేకపోవడం, జరగనిది గుర్తుండటం రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని కుటుంబాలు అడుగుతుంటాయి. మత్తుకు వాడే మిడజోలం లాంటి మందులు కొత్త జ్ఞాపకాలు ఏర్పడనివ్వవు, డెలీరియాన్నీ పెంచుతాయి. వయసు మళ్లినవారిలో, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఆ మందు పేరుకుపోయి, ఆపేసినా వెంటనే మత్తు వదలదు. దానికి తోడు రాత్రంతా లైట్లు, అలారాలు, గంటకోసారి బీపీ కఫ్ బిగింపు. సరైన నిద్ర లేని మెదడు దొరికిన ముక్కలతోనే కథ అల్లుకుంటుంది. భయం మధ్య పుట్టింది కాబట్టి అది నెలల తర్వాత కూడా చెక్కుచెదరదు. ఇంగ్లాండ్‌లో లివర్‌పూల్ దగ్గరి విస్టన్ ఆసుపత్రిలో క్రిస్టినా జోన్స్ బృందం 2001లో ప్రచురించిన పరిశీలన ఇక్కడ చెప్పుకోదగ్గది. ఐసీయూలో నిజంగా జరిగింది ఏమీ గుర్తులేక, భ్రమలు మాత్రమే మిగిలినవారిలో ఆందోళన, పీడకలల బాధ ఎక్కువగా కనిపించింది. నొప్పి అయినా సరే, నిజం కొంత గుర్తున్నవారు కాస్త నయంగా ఉన్నారు. ‘ఏమీ గుర్తులేకపోతేనే మంచిదిలే’ అనే మన ఓదార్పు అందుకే పొరపాటు.

ఆ నిజం కుటుంబం దగ్గర ఉంటుంది. దాన్ని రాసిపెట్టాలి. స్కాండినేవియా దేశాల నర్సులు 1980ల నుంచే రోగి పేరిట డైరీ రాస్తున్నారు. మనకు వంద పేజీల నోటుబుక్కు చాలు. బయట హాల్లో కూర్చునేవాళ్లు రోజుకు ఐదారు లైన్లు, తేదీ, సమయం వేసి, రోగితో మాట్లాడుతున్నట్టే రాయాలి: ‘నాన్నా, ఈరోజు మంగళవారం. జ్వరం తగ్గింది. స్కానింగ్‌కి మంచంతో సహా కిందికి తీసుకెళ్లారు, లిఫ్టులో కళ్లు తెరిచావు. సాయంత్రం బాబాయి వచ్చి వెళ్లాడు. ఊళ్లో వాన.’ లిఫ్టు ముక్క ఎంత అవసరమో తర్వాత తెలుస్తుంది. ‘నన్ను గోతిలోకి దించారు’ అన్న జ్ఞాపకానికి అదే జవాబు. చేతులు కట్టిన రోజు, గొట్టం తీసిన రోజు, వార్డు మారిన రోజు తప్పకుండా రాయండి. బిల్లులు, అప్పులు, అన్నదమ్ముల గొడవలు, ‘డాక్టరు ఆశ లేదన్నాడు’ లాంటివి వద్దు. పుస్తకాన్ని పడక మీద పెట్టకండి, బయటే ఉంచుకోండి. ఫొటో తీయాలంటే ముందు ఆసుపత్రి అనుమతి తీసుకోండి. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, అది చూడాలో వద్దో రోగి కోలుకున్నాక తేల్చుకుంటారు.

డిశ్చార్జి రోజునే పుస్తకం చేతిలో పెట్టకండి. నెల ఆగి, వారు అడిగినప్పుడు, పక్కన ఒకరు కూర్చుని కొద్దికొద్దిగా చదవాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి. వద్దంటే బలవంతం లేదు. ఈ పద్ధతిలో ఆరు ఐరోపా దేశాల్లో 352 మందితో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో కొత్తగా పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత వదలని మానసిక వేదన) వచ్చినవారు డైరీ అందినవారిలో 5 శాతం, అందనివారిలో 13 శాతం. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో చేసిన మరో ప్రయోగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నది కూడా చెప్పాలి. డైరీ మందు కాదు. కానీ ‘అప్పుడు నాకేమైంది?’ అని మూడు నెలల తర్వాత అడిగితే ఇంటిల్లిపాదీ తలో తేదీ చెప్పే పరిస్థితి తప్పుతుంది.

లోపలికి పంపే ఆ పది నిమిషాల్లో మనవాళ్లు ముందుగా అడిగేది ‘నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు’ అని. గొట్టం వల్ల మాట రాదు, పేరు తట్టదు, రోగి కంగారుపడతారు. పరీక్ష పెట్టకుండా మీరే చెప్పండి: ‘అమ్మా, నేను నీ పెద్దకొడుకుని. ఇది ఆసుపత్రి. పొద్దున పది గంటలైంది. నీకు నెమ్ము చేసింది, గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట రాదు. అది తీసేశాక వస్తుంది.’ ప్రతిసారీ ఇదే చెప్పండి, విసుగు వద్దు. పురుగులున్నాయంటే లేవని వాదించకండి, ఉన్నాయని ఒప్పుకోనూ వద్దు. ‘నాకు కనిపించట్లేదు, నీకు భయమేస్తోందని తెలుస్తోంది, నేనిక్కడే ఉన్నా’ అంటే సరిపోతుంది. మాట రాని రోగి వేలితో చూపించే అక్షరాల పలక మన లిపికి అంతగా పనికిరాదు. గుణింతాలు, ఒత్తులు వెతికేసరికి అలసిపోతారు. నొప్పి, దాహం, కఫం, పక్కకు తిప్పడం, దొడ్డికి అని ఐదు బొమ్మలు గీసిన అట్ట మేలు.

ఆసుపత్రులు ఖర్చు లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. చేర్చుకునేటప్పుడు కళ్లజోడు, వినికిడి యంత్రం మూటగట్టి బంధువుల చేతికిస్తారు. పోతాయన్న భయం న్యాయమే. కానీ చూపు ఆనక, మాట వినబడక ఉన్న మనిషికి డెలీరియం తేలిగ్గా ముదురుతుంది. పేరు రాసిన డబ్బాలో పడక పక్కనే ఉంచండి. తెలుగు తప్ప మరో భాష రాని రోగి దగ్గర తెలుగు రాని సిబ్బంది ఉంటే, చేసే ప్రతి పనికీ ముందు చెప్పే ఒక్కో వాక్యం తెలుగులో రాసి గోడకు అంటించండి. పక్క పడకలో చనిపోయినవారి గురించి మంచం పక్కన నిలబడి మాట్లాడకండి. కళ్లు మూసుకున్నంత మాత్రాన చెవులు మూసుకున్నట్టు కాదు.

డెలీరియం తగ్గడానికి మొదలుపెట్టిన క్వెటయాపిన్, హాలోపెరిడాల్ మాత్రలు డిశ్చార్జి చీటీలోకి ఎక్కి, ఆపమని చెప్పేవారు లేక ఇంట్లో నెలల తరబడి సాగిపోతుంటాయి. ‘ఇది ఎందుకు, ఎన్నాళ్లు’ అని ఆ రోజే అడగండి, సొంతంగా మాత్రం ఆపకండి. పీడకలలు, ఉలికిపాటు, ఆసుపత్రి పేరెత్తితే వణుకు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆసుపత్రి యాజమాన్యాలకు మా విన్నపం ఒకటి ఉంది. డిశ్చార్జి సమ్మరీలో వెంటిలేటర్ ఎన్ని రోజులు, చేతులు కట్టారా లేదా, డెలీరియం వచ్చిందా, వస్తే ఎన్నాళ్లుంది అన్న నాలుగు సంగతులు తెలుగులో ఒక పేరాగా రాసివ్వండి.

ఇట్లు,
ఇంటెన్సివ్ కేర్ నర్సులు, ఫిజియోథెరపిస్టులు,
హైదరాబాద్