నీలి గుడ్డు ఒక్కటే జాతికి రుజువా?

సంపాదకులు గారికి నమస్కారం.

నీలి గుడ్ల కోళ్ల మీద గత ఆదివారం మీరు వేసిన కథనంలో ఫొటోలు బాగున్నాయి. కానీ ఆ కోళ్లు అమెరికావని రాసి వదిలేశారు. ధర చెప్పారు గానీ, కొనేవాళ్లు ఏం అడగాలో చెప్పలేదు.

నీలి గుడ్లు పెట్టే కోళ్లలో పేరున్న అరౌకానా జాతి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని చిలీ. అక్కడి మపూచే జనం పెంచుకున్న కోళ్ల నుంచి వచ్చిన జాతి అది. స్పెయిన్ కోళ్ల నిపుణుడు సాల్వడార్ కాస్టెల్లో 1921లో హేగ్‌లో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభలో వీటి గురించి చెప్పాకే మిగతా దేశాల కళ్లు వీటి మీద పడ్డాయి. చైనాలో డాంగ్‌షియాంగ్, లూషీ కోళ్లూ నీలి గుడ్లు పెడతాయి. పాత వైరస్ ముక్క ఒకటి కోడి జన్యువుల్లో చేరడం వల్లే ఈ రంగు వస్తోందనీ, చిలీ కోళ్లలో, చైనా కోళ్లలో అది వేర్వేరుగా చేరిందనీ 2013లో తేలింది. దానివల్ల పైత్యరసంలో ఉండే బిలివెర్డిన్ అనే రంగు పెంకులోకి దిగుతుంది. పగలగొట్టి చూస్తే పెంకు లోపలా నీలమే. గోధుమరంగు గుడ్డుకైతే రంగు పైపైనే, లోపల తెలుపే.

ఇక కొనేవాళ్ల సంగతి. ఈ గుణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, నీలి గుడ్డు పడుతుంది. అంటే సంకరం పెట్ట కూడా పెడుతుంది. దాన్ని తెల్ల గుడ్ల జాతి పుంజుతో కలిపితే, పుట్టే పెట్టల్లో సుమారు సగం నీలి గుడ్లు పెట్టవు. వేలు పోసి పిల్లల్ని కొన్నవాళ్లకి ఆ సంగతి ఆర్నెల్లు మేపాక గానీ తెలియదు!

ఇంకో చిక్కు అరౌకానా చెవుల దగ్గర ఉండే ఈకల కుచ్చులు. కుచ్చుల పెట్టకి కుచ్చుల పుంజునే జత కడితే, దాదాపు నాలుగో వంతు పిల్లలు పెంకులోనే చచ్చిపోతాయి. అమ్మేవాడు ఈ మాట చెప్పడు, కొన్నవాడు ఇంక్యుబేటర్‌ని తిట్టుకుంటాడు. అమెరికాలో కుచ్చులు లేకుండా, నీలం ఉండేలా తయారుచేసిన అమెరౌకానాకి 1984లో జాతిగా గుర్తింపు వచ్చింది. మీ కథనంలో ఉన్న ఫొటో దానిదే అనుకుంటా.

రంగుతో పోషకాలు మారవు, మేతతో కాస్త మారతాయి. కొలెస్ట్రాల్ లేని గుడ్డు అంటూ అమ్మడం పచ్చి మోసం. పొదిగించే గుడ్లు అమ్మేవాళ్లు తల్లిదండ్రుల వివరాలు ఇచ్చేలా చూడమని పశుసంవర్ధక శాఖని మీ రైతు పేజీ ద్వారా అడగండి. అలాంటి ప్రకటనలు మీ చివరి పేజీలోనూ వస్తున్నాయి, అవి వేసేముందు కూడా ఈ వివరాలు అడగండి.

– ఓ పాఠకుడు, తణుకు