ఫిన్ తిమింగలం ఇంకా కోలుకోలేదు

సంపాదకులకు,

అయ్యా,

తిమింగలాల వేట వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ, ఫిన్ తిమింగలాల సంఖ్య పెరిగింది గనుక కొన్నింటిని వేటాడినా నష్టం లేదన్న వాదన వినిపిస్తోంది. ఆ వాదన ఎంత తొందరపాటుదో పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నీలి తిమింగలం తర్వాత భూమ్మీద అతిపెద్ద జంతువు ఫిన్ తిమింగలమే. 25 మీటర్లు దాటి పెరిగినా దేహం సన్నగా, సాఫీగా ఉంటుంది. వీపు చివర్లో వెనక్కి వంగిన కొడవలి లాంటి రెక్క కనిపిస్తుంది. దాని కింది దవడ ఎడమవైపు ముదురు బూడిద రంగులోనూ, కుడివైపు పాలలా తెల్లగానూ ఉంటుంది. ఒకే ముఖానికి ఇలా రెండు రంగులున్న పెద్ద జంతువు మరొకటి చూడబోతే అరుదు.

తెరచాప ఓడల కాలంలో దీని వేగాన్ని అందుకోవడం వేటగాళ్ల వల్ల కాలేదు. ఆవిరి ఓడలు, పేలుడు హార్పూన్లు (తిమింగలాలపైకి విసిరే ఈటెలు) వచ్చాక పరిస్థితి తారుమారైంది. 20వ శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధగోళంలోనే 7 లక్షలకు పైగా ఫిన్ తిమింగలాలను చంపేశారు. అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ 1982లో తీసుకున్న నిర్ణయంతో వాణిజ్య వేటపై నిషేధం రాబట్టే, 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని 'ఎండేంజర్డ్' (అంతరించే ప్రమాదమున్న) వర్గం నుంచి ముప్పు ఒక మెట్టు తక్కువగా ఉన్న 'వల్నరబుల్' (ముప్పు పొంచి ఉన్న) వర్గంలోకి మార్చగలిగింది. వల్నరబుల్ అన్నా ముప్పు ఉన్నట్టే. పైగా ఏడాది పాటు మోసి ఒక్క పిల్లను కని, మళ్లీ కనడానికి రెండు మూడేళ్లు తీసుకునే జీవి ఇది. పోయిన సంఖ్య అంత త్వరగా తిరిగి రాదు.

అయినా 2024లో జపాన్ తన వేట జాబితాలో ఫిన్ తిమింగలాన్ని కొత్తగా చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఐస్‌లాండ్ ఏటా 209 చొప్పున అయిదేళ్లకు అనుమతి ఇచ్చింది. నిషేధం వల్ల దక్కిన ఫలితాన్నే నిషేధాన్ని సడలించడానికి సాకుగా చూపడం నాకు ఎంతమాత్రం సమంజసంగా తోచడం లేదు.

వేట ఒక్కటే కాదు, ఓడల తాకిడికి గురవుతున్న తిమింగలాల్లోనూ ఇది ముందుంది. మధ్యధరా సముద్రంలోని ఫిన్ తిమింగలాలు 2021 నుంచి ఎండేంజర్డ్ వర్గంలోనే ఉన్నాయి. ఆ సముద్రపు వాయవ్య భాగంలో ఓడలు వేగాన్ని 10 నుంచి 13 నాట్లకు (గంటకు సుమారు 19 నుంచి 24 కిలోమీటర్లకు) తగ్గించుకోవాలని 2023లో వచ్చిన అంతర్జాతీయ సిఫారసు స్వచ్ఛందమైనది మాత్రమే. దాన్ని తప్పనిసరి చేయాలి. ఈ జీవి గురించి రాసేటప్పుడు 'కోలుకుంది' అనకుండా 'కోలుకుంటోంది' అని రాయవలసిందిగా మీ పత్రికకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు