కృష్ణబిలం చుట్టూ జరిగేది కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణబిలాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని మా పదో తరగతి పిల్లలతో కలిసి చదివాను. ‘అన్నిటినీ మింగేసే బిలం’ అన్న మాట దగ్గరే వ్యాసం ఆగిపోయింది. మింగడానికి ముందు జరిగేదే అసలు విశేషం. దాన్ని వదిలేసినందుకు చాలా బాధ కలిగింది.

పక్కనున్న నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు బిలంలో నేరుగా పడిపోదు. కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరిగే వస్తువుకుండే ఊపు, ఉన్నందున చుట్టూ తిరుగుతూ చక్రంలా పరుచుకుంటుంది. లోపలికి జారాలంటే ఆ ద్రవ్యవేగాన్ని బయటి పొరలకు అప్పగించాలి. ఆ పని అయస్కాంత క్షేత్రాల వల్ల జరుగుతుందని బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు 1991లో చూపారు. జారేకొద్దీ వాయువు వేడెక్కి, లోపలి అంచున దాదాపు కోటి డిగ్రీలకు చేరి ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది.

ఈ చక్రం ఒక్క తీరుగా ఉండదు. గరుడ నక్షత్ర మండలంలో 1992లో బయటపడిన జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలాన్నే తీసుకోండి. సూర్యుడికి సుమారు 12 రెట్ల ద్రవ్యరాశి ఉన్న ఆ బిలానికి తోడు నక్షత్రం చాలా ఎడంగా ఉంది. ఒక చుట్టు పూర్తి కావడానికే 33 రోజులకు పైగా పడుతుంది. అందుకే అక్కడి చక్రం అంత పెద్దది. ఇలాంటివి చాలావరకు నెలల్లోనే చల్లారిపోతే, ఇది పాతికేళ్లపాటు వెలుగుతూనే ఉండింది. ఆ రోజుల్లో ఒక్కోసారి నిమిషానికో మారు దాని వెలుగు పెరిగి తగ్గేది, అచ్చం గుండె కొట్టుకున్నట్టు. చక్రం లోపలి భాగం నిండి, అక్కడ కాంతి పీడనం వాయు పీడనాన్ని మించేసరికి ఖాళీ అయి, మళ్లీ నిండుతుందని శాస్త్రవేత్తల వివరణ. ఆ వెలుగు హెచ్చుతగ్గుల గ్రాఫు చూపిస్తే మా పిల్లలు గంట కొట్టినా లేవలేదు. 2018లో ఆ వెలుగు మసకబారింది. తర్వాత దట్టమైన వాయువు దాన్ని చాలావరకు కప్పేసింది.

మా సూళ్లూరుపేట వాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. ఈ చక్రాన్ని పరిశీలించిన మన దేశపు ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే వెళ్లింది. ప్రయోగం రోజున పత్రికలన్నీ రాకెట్టు ఫొటో వేస్తాయి. పైకి వెళ్లాక అది ఏం చూసిందో రాసేవారు అరుదు. దాని పాత పరిశీలనలను ఇస్రో 2018 నుంచి అందరికీ ఉచితంగా అందిస్తోంది. డిగ్రీ విద్యార్థులు కూడా వాటిని తెరిచి చూడవచ్చు.

దయచేసి ఒక ఆదివారం పేజీ ఈ చక్రాలకు కేటాయించండి. ఆ గ్రాఫును మాత్రం పెద్దదిగా, అంకెలు కనబడేలా అచ్చు వేయండి.

- ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, సూళ్లూరుపేట